పన్ను పీకించుకోవడానికి ఏ స్థాయి మత్తు కావాలో తేల్చుకోవడం ఎలా?

"మత్తిచ్చే తీస్తారు కదా డాక్టర్?"

"ఆఁ, మత్తివ్వకుండా ఎలా తీస్తాం!"

ఇద్దరూ వాడింది ఒకే మాట. కానీ అడిగినవారు కళ్లు మూసి తెరిచేసరికి పని అయిపోవాలనుకుంటున్నారు. డాక్టర్ చెబుతున్నది చిగురు దగ్గర చేసే ఇంజెక్షన్ గురించి. తీరా కుర్చీలో వెనక్కి వాలాక పూర్తి మెలకువలో పట్టకారు నోటి దగ్గరికి రావడం చూసి గుండె జారిపోతుంది, మోసపోయామనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. దవడ మొద్దుబారడాన్నీ, మగతగా ఉండడాన్నీ, ఒళ్లు తెలియకుండా పడుకోవడాన్నీ మనం ‘మత్తు’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నాం. అందుకే పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఈ మాటను ముక్కలు చేసుకోవాలి.

మొదట నొప్పిని, భయాన్ని వేరు చేయండి

నొప్పిని ఆపేది పంటి పక్కన ఇచ్చే ఇంజెక్షన్. లిగ్నోకైన్, ఆర్టికైన్ లాంటి మందులు ఆ చోట నరం మెదడుకు పంపే నొప్పి కబురును మధ్యలోనే ఆపేస్తాయి. మెదడు మీద వాటి ప్రభావం ఉండదు కాబట్టి మీరు పూర్తిగా మెలకువతోనే ఉంటారు. చాలాసార్లు అందులో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. దానివల్ల అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, మందు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువ కారుతుంది. ఇంజెక్షన్ చేసిన ఒకటి రెండు నిమిషాలకు గుండె దడదడలాడితే చాలావరకు దానికి కారణం ఈ అడ్రినలిన్, లేదా మన టెన్షన్. "నాకు మత్తుమందు పడదు" అని ఏళ్లుగా చెప్పుకునేవారిలో కొందరికి జరిగింది ఇంతే. అది నిజంగా ఎలర్జీయా కాదా అన్నది డాక్టర్ తేల్చాలి, అప్పుడు ఏం జరిగిందో వివరంగా చెప్పండి.

ఇంకో సంగతి. ఈ ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుందిగానీ ఒత్తిడిని పూర్తిగా ఆపదు. పన్ను అటూ ఇటూ కదపడం, దవడ మీద బరువు పడడం, లోపల ‘కటక్’మన్న చప్పుడు... ఇవన్నీ తెలుస్తాయి. ముందే తెలియకపోతే ఆ ఒత్తిడినే నొప్పి అనుకుని హడలిపోతాం. సూదిలా పదునుగా గుచ్చుకుంటే అది నొప్పి, అప్పుడు చెయ్యెత్తితే ఇంకొంచెం మందు ఇస్తారు. నెట్టినట్టు, లాగినట్టు ఉంటే అది ఒత్తిడి.

సెడేషన్, అంటే మగత కలిగించే మత్తు, దాని పని వేరు. అది భయాన్ని, బిగుసుకుపోవడాన్ని తగ్గిస్తుంది. ఏ స్థాయి సెడేషన్ తీసుకున్నా పంటి దగ్గర ఇంజెక్షన్ మాత్రం మామూలుగా ఉంటుంది. పూర్తిగా స్పృహ తప్పించి చేసేటప్పుడు కూడా, లేచాక నొప్పి తెలియకూడదని చాలామంది డాక్టర్లు అది ఇస్తారు.

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: నొప్పి ఉండదని నూటికి నూరుపాళ్లు నమ్మకం కుదిరితే, మెలకువగా కూర్చోగలనా? "కూర్చోగలను" అనిపిస్తే మీకు సెడేషన్ అవసరం లేకపోవచ్చు. "ఊహూఁ" అనిపిస్తే ఎందుకో కాగితం మీద రాసుకోండి. సూది భయమా? నోట్లో ఏది పెట్టినా వాంతి వచ్చినట్టవుతుందా? గంటసేపు నోరు తెరిచి ఉంచడం కష్టమా? చిన్నప్పుడు ఎప్పుడో జరిగిన చేదు అనుభవమా? "భయంగా ఉంది" అని ఊరుకుంటే డాక్టర్‌కు దారి దొరకదు, కారణం చెబితే దొరుకుతుంది.

"పోయినసారి ఇంజెక్షన్ పనిచేయలేదు, అందుకే ఈసారి నిద్రపుచ్చండి" అనేవారు కూడా ఉంటారు. చీము పట్టిన చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది, అలాంటి చోట మందు నరంలోకి సరిగ్గా దిగదు. అప్పుడు నరం మొదలు దగ్గర ఇంజెక్షన్ చేయడం, ముందు చీము తీసి వాపు తగ్గాక పన్ను జోలికి వెళ్లడం లాంటి మార్గాలున్నాయి. మొద్దుబారని పంటికి మగత మందు జవాబు కాదు.

ఇక మెట్లు దిగుదాం

అమెరికాలోని మత్తు డాక్టర్ల సంఘం, అమెరికన్ సొసైటీ ఆఫ్ ఎనస్తీషియాలజిస్ట్స్, మత్తును నాలుగు స్థాయిలుగా విడదీసింది. చాలాచోట్ల డాక్టర్లు మాట్లాడేది ఈ లెక్కలోనే. ఈ స్థాయిని ఇచ్చిన మందు పేరుతో నిర్ణయించరు, పిలిస్తే మీరు ఎలా పలుకుతారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు.

తేలికపాటి మత్తులో మీరు మామూలుగానే మాట్లాడతారు. కంగారు తగ్గుతుంది, ఆలోచన కాస్త మందగిస్తుంది. ఊపిరికి, గుండెకు ఏమీ కాదు.

మధ్యస్థ మత్తులో కళ్లు మూతలు పడుతుంటాయి. పేరు పెట్టి పిలిచినా, భుజం మీద మెల్లగా తట్టినా అర్థం చేసుకుని స్పందిస్తారు. "నోరు ఇంకొంచెం తెరవండి" అంటే తెరుస్తారు. ఊపిరి మీరే తీసుకుంటారు.

గాఢ మత్తులో పిలుపుకు లేవరు. పదేపదే కదిపితేనో, నొప్పి కలిగిస్తేనో మాత్రమే స్పందిస్తారు. నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోవచ్చు, గడ్డం పైకెత్తి పట్టుకోవాల్సి రావచ్చు. ఊపిరి కూడా చాలినంత లేకపోవచ్చు.

చివరిది జనరల్ ఎనస్తీషియా. నొప్పి కలిగించినా మెలకువ రాదు. ఊపిరి దారిని మత్తు డాక్టర్ తన చేతుల్లోకి తీసుకుంటారు.

మెట్లు అన్నానుగానీ నిజానికి ఇది ఏటవాలు దారి. ఒకే మోతాదు ఒకరికి తేలికపాటి మగతనిస్తే, వయసు పైబడిన మరొకరిని రెండు స్థాయిలు కిందికి జార్చవచ్చు. అందుకే ఈ రంగంలో ఒక నియమం ఉంది: ఏ స్థాయి మత్తు ఇవ్వాలనుకుంటున్నారో, అనుకోకుండా దానికన్నా లోతుకు జారినా రోగిని కాపాడి వెనక్కి తేగల నేర్పు ఇచ్చేవారికి ఉండాలి. క్లినిక్‌ను ఎంచుకునేటప్పుడు కుర్చీ ఎంత కొత్తది అన్నదానికన్నా నేను ఈ ఒక్క విషయాన్నే ఎక్కువ చూస్తాను.

ఏ దారిలో ఇస్తారో తెలుసుకోండి

ముక్కుకు చిన్న మాస్క్ పెట్టి ఇచ్చేది నైట్రస్ ఆక్సైడ్, అంటే లాఫింగ్ గ్యాస్. దీనికీ పన్ను పీకడానికీ బంధం చాలా పాతది. 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పంటి డాక్టర్ ఈ గ్యాస్ ప్రదర్శనకు వెళ్లాడు. గ్యాస్ పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలినా గమనించకపోవడం చూశాడు. మర్నాడే తాను గ్యాస్ పీల్చి, తన పన్నునే తోటి డాక్టర్ జాన్ రిగ్స్ చేత పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఆ ఉత్సాహంతో 1845 జనవరిలో బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించబోతే, రోగి మధ్యలో అరిచాడు. చూసేవాళ్లు ఎగతాళి చేసి పంపేశారు. పాపం వెల్స్! గ్యాస్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది ఒకసారి ఆదుకుంటుంది, ఒకసారి ఆదుకోదు. ఇప్పుడు గ్యాస్‌తో పాటు పంటి దగ్గర ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు కాబట్టి ఆ గొడవ లేదు.

ముందు ఉత్త ఆక్సిజన్ పీల్పిస్తారు. తర్వాత గ్యాస్‌ను కొద్దికొద్దిగా పెంచుతారు. చాలామందికి 30 నుంచి 50 శాతం మధ్యలో సరిపోతుంది. వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు, ఒళ్లు తేలికైనట్టు, మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటే సరైన చోటికి వచ్చినట్టే. వాంతి వచ్చేలా ఉన్నా, తల గిర్రున తిరుగుతున్నా ఎక్కువైందని అర్థం, చెబితే తగ్గిస్తారు. చివర్లో దాదాపు 5 నిమిషాలు మళ్లీ ఆక్సిజన్ ఇస్తారు. అది పూర్తయ్యేదాకా లేవకండి. ఎక్కినంత త్వరగా దిగిపోవడమే దీని గొప్పతనం. ముక్కు దిబ్బడ ఉన్నరోజు మాత్రం ఇది పనికిరాదు. గర్భం తొలి నెలల్లో ఉన్నా, కంట్లో గ్యాస్ బుడగ పెట్టిన ఆపరేషన్ ఈమధ్య జరిగినా, చెవి ఆపరేషన్ అయినా, బి12 లోపం ఉన్నా ముందే చెప్పాలి.

మాత్రతో ఇచ్చే మత్తు చూడటానికి అన్నిటికన్నా సులువు. సూది లేదు, మాస్క్ లేదు, గంట ముందు మింగితే చాలు. నాకు మాత్రం అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. గ్యాస్‌ను తగ్గించవచ్చు, మింగిన మాత్రను వెనక్కి తీసుకోలేం. ఒకే మాత్ర ఒకరికి అసలు ఎక్కదు, ఇంకొకరు తూలిపోతారు. "ఇంకా ఎక్కలేదు" అని ఇంటి దగ్గరే రెండోది వేసుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. డయాజిపామ్ లాంటివి ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది, మర్నాడు కూడా మందకొడిగా ఉండవచ్చు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు వాడుతుంటే మిడజొలామ్, ట్రయజొలామ్ అనే మగత మందుల ప్రభావం బాగా పెరుగుతుంది. మీరు వాడే మందులన్నిటి జాబితా ఇవ్వమనేది అందుకే.

రక్తనాళంలోకి సూదితో ఎక్కించే మత్తులో (మనం ‘నరానికి ఇవ్వడం’ అనేది ఇదే) ఎక్కువగా వాడేది మిడజొలామ్. కొద్దిగా ఇచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగి, చూసి, మళ్లీ కొద్దిగా ఇస్తారు. మాట ముద్దగా మారి, రెప్పలు వాలాక ఆపుతారు. దీని గురించి జనం చెప్పే మాట ఒకటుంది: "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు". చాలాసార్లు వారు నిద్రపోలేదు. అడిగినదానికి పలికారు, చెప్పినట్టు తల తిప్పారు. కాకపోతే మందు ఎక్కాక జరిగినవాటిని దాచుకునే శక్తి మెదడుకు కాసేపు పోతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. పని అయ్యాక డాక్టర్ చెప్పే జాగ్రత్తలకు మీరు బుద్ధిగా తలూపుతారు, ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. అవన్నీ వెంట వచ్చినవారికి చెప్పమని, కాగితం మీద రాసివ్వమని ముందే అడగండి.

మిడజొలామ్‌కు ఫ్లూమజెనిల్, దానితో కలిపి ఇచ్చే గట్టి నొప్పి మందు ఫెంటనిల్‌కు నలాక్సోన్ విరుగుడుగా ఉన్నాయి. కానీ విరుగుడు ముందుగా దిగిపోయి, మగత మళ్లీ కమ్మవచ్చు. అందుకే విరుగుడు ఇచ్చారంటే ఎక్కువసేపు ఉంచి చూస్తారు, తొందరపెట్టకండి. గాఢ మత్తుకు వాడే ప్రొపోఫాల్‌కు అసలు విరుగుడే లేదు. దాన్ని ఇచ్చి కనిపెట్టుకుని ఉండడానికి, పన్ను తీసే డాక్టర్ కాక వేరే మనిషి ఉండాలని పట్టుబట్టేది అందుకే.

జనరల్ ఎనస్తీషియాలో గొట్టాన్ని చాలాసార్లు ముక్కు ద్వారా గొంతులోకి పంపుతారు, నోరు పంటి డాక్టర్‌కు ఖాళీగా ఉండాలి కదా. లేచాక ముక్కులో మంట, గొంతు గరగర ఒకటి రెండు రోజులు ఉంటే కంగారు పడకండి.

పన్నును, మనిషిని కలిపి చూడండి

కదులుతున్న పన్ను, వేళ్లు తిన్నగా ఉన్న దవడ పన్ను అయితే ఇంజెక్షన్ ఒక్కటే చాలు. భయం ఎక్కువైతే గ్యాస్ జోడిస్తారు. ఎముకలో అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని చిగురు కోసి, ఎముక తొలిచి, ముక్కలు చేసి తీయాలి. అదొక్కటే అయితే మెలకువతో తీయించుకునేవారు బోలెడుమంది. నాలుగూ ఒకేసారి అంటే రక్తనాళం ద్వారా ఇచ్చే మధ్యస్థ మత్తు గురించి అడగడంలో తప్పులేదు. చాలా పళ్లు ఒకేసారి తీయాల్సిన చిన్నపిల్లలకు, చెప్పింది అర్థం చేసుకుని సహకరించలేని మానసిక వైకల్యం ఉన్నవారికి జనరల్ ఎనస్తీషియా అవసరం పడవచ్చు. భయం ఉన్న ప్రతివారికీ అది కావాలనేమీ లేదు. మెట్టు దిగేకొద్దీ సుఖం పెరిగినట్టే కనిపిస్తుందిగానీ, ఊపిరి బాధ్యత మీ చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి వెళుతుంది. మీకు చాలినంతలో అన్నిటికన్నా పైమెట్టు, అంటే అన్నిటికన్నా తేలికైన మత్తు దగ్గరే ఆగండి.

ఒక్క సందర్భంలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. పంటి వాపు దవడ కిందికి, మెడకు పాకి, నోరు తెరుచుకోక, మింగడం లేదా ఊపిరి కష్టంగా ఉంటే క్లినిక్‌లో సెడేషన్ గురించి బేరాలు వద్దు. నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ గాలి దారే ముందు, పన్ను తర్వాత.

అడగాల్సినవి అడగండి, చెప్పాల్సినవి దాచకండి

"నన్ను ఏ స్థాయికి తీసుకెళ్తారు? మీరు పన్ను తీస్తుంటే నా ఊపిరిని ఎవరు చూస్తుంటారు?" ఈ రెండూ మొహమాటం లేకుండా అడగండి. మధ్యస్థ మత్తులో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే శిక్షణ పొందిన మనిషి పక్కన ఉండాలి. గాఢ మత్తు, అంతకన్నా లోతైనది అయితే పన్ను పీకే చేతులే మత్తును కూడా చూసుకోవడం కుదరదు. ఆ పని ఒక్కటే చేసే వేరే మనిషి కావాలి.

పరికరాల గురించి అడగడం కూడా మన హక్కే. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ అందరికీ తెలుసు. కానీ అది కాస్త ఆలస్యంగా చెబుతుంది. ఆక్సిజన్ పీలుస్తున్న మనిషికి ఊపిరి ఆగినా, ఒంట్లో నిల్వ ఉన్నంతసేపు అంకె బాగానే కనిపిస్తుంది. బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రాఫ్ మాత్రం ఊపిరి ఆగిన క్షణాల్లోనే పసిగడుతుంది. మధ్యస్థ మత్తుకు అది ఉంటే మంచిది, గాఢ మత్తుకు ఉండితీరాలి. ఆక్సిజన్, నోట్లోది లాగేసే సక్షన్, చేత్తో ఊపిరి అందించే బ్యాగ్, విరుగుడు మందులు గదిలోనే ఉండాలి.

మీవైపు నుంచి చెప్పాల్సినవాటిలో అందరూ మరిచేది గురక. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి మత్తులో అదే జరిగే ప్రమాదం ఉంది. మీకు తెలియకపోతే పక్కన పడుకునేవారిని అడగండి. నిద్రమాత్రలు, మద్యం, గట్టి నొప్పి మందులు వాడుతుంటే దాచొద్దు, ఇవన్నీ మత్తుతో కలిసి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. సెమాగ్లూటైడ్ లాంటి షుగర్, బరువు తగ్గించే మందులు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి కాబట్టి వాటి మాట తప్పకుండా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసం రోజు మోతాదు ఎంతో ముందురోజే అడిగి రాసుకోవాలి. రక్తం పలచబరిచే మందులను మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఒళ్లు కాలిపోయేలా జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చిందా? ఎంత పాత సంగతైనా చెప్పండి, అది వంశంలో వచ్చే సమస్య కావచ్చు.

తిండి లెక్క

ఉత్త ఇంజెక్షన్‌తో తీయించుకునేటప్పుడు తిని వెళ్లడమే మంచిది, ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. రక్తనాళం ద్వారా ఇచ్చే మత్తుకు, అంతకన్నా లోతైన స్థాయిలకు లెక్క తిరగబడుతుంది. మత్తులో గొంతు తన కాపలా మానేస్తుంది. కడుపులోది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామూలుగా పాటించేది ఇది: నూనెలో వేయించినవి, కొవ్వున్నవి తిని 8 గంటలు, తేలికపాటి తిండికి 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు. పాలు కలిపిన టీ, కాఫీ నీళ్ల లెక్కలోకి రావు, తేలికపాటి తిండి కిందికే వస్తాయి. పొరపాటున తింటే నిజం చెప్పేయండి, వాయిదా పడితే పోయేది ఒక్కరోజే. గ్యాస్‌కు, మాత్రకు నియమం క్లినిక్‌ను బట్టి మారుతుంది, అడగండి.

పిల్లల విషయంలో ఇంకో నాలుగు మాటలు

పిల్లలకు గాలి దారి సన్నం, టాన్సిల్స్ పెద్దవి, ఒంట్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ. తేడా వస్తే క్షణాల్లో వస్తుంది. మత్తు మందును ఇంట్లో పట్టించి తీసుకురమ్మంటే ఒప్పుకోకండి, దారిలో ఊపిరి ఆగితే చూసే దిక్కుండదు. బిడ్డ బరువు కిలోల్లో కచ్చితంగా తూచి చెప్పండి, మోతాదు దాన్ని బట్టే. జలుబు, దగ్గు ఉంటే వాయిదా వేయండి. తిరిగి వెళ్లేటప్పుడు బండి నడిపేవారు కాక ఇంకో పెద్దవారు బిడ్డ పక్కనే కూర్చోవాలి. మగతలో తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనితే గాలి ఆడదు, తల నిటారుగా ఉండేలా చూస్తూ ఉండాలి.

ఆ రోజు, ఆ రాత్రి

వదులు బట్టలు వేసుకోండి. గోళ్ల రంగు తీసేయండి, ఆక్సీమీటర్‌కు అడ్డం. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే పెట్టండి. ఉత్త గ్యాస్ మినహా మరే సెడేషన్‌కైనా వెంట పెద్దవారు ఒకరు రావాలి, రాత్రంతా తోడుండాలి. గుమ్మం దాకా దింపి వెళ్లిపోయేవారు లెక్కలోకి రారు.

24 గంటలు బండి నడపకండి, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకండి, సంతకాలు పెట్టకండి, పసిపిల్లలను మీ ఒక్కరి మీదే వదలనివ్వకండి. "నాకు బాగానే ఉంది" అని మీరు అనడం సాక్ష్యం కాదు, తీర్పు చెప్పాల్సిన మెదడే మగతలో ఉంది. నిద్రమాత్ర, మద్యం ఆ రాత్రి వద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్ర రాసిస్తే, ఎన్ని గంటల తర్వాత మొదలుపెట్టాలో అడిగి వేసుకోండి.

పెదవి, నాలుక కొన్ని గంటలు మొద్దుబారి ఉంటాయి. ఆ సమయంలో వేడివి వద్దు, పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూడండి. రక్తం ఆగడానికి నోట్లో కొరికిపట్టిన గాజ్ (పలచటి నూలు గుడ్డ)తో మాత్రం నిద్రపోకండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, మగతలో అది గొంతుకు అడ్డం పడవచ్చు. పడుకునే ముందు ఎన్ని పెట్టారో అన్నీ బయటికి వచ్చాయని వెంట ఉన్నవారు చూసుకోవాలి.

వెంట ఉన్నవారికి ఇంకో పని. రాత్రి ఒకటి రెండుసార్లు పేరు పెట్టి పిలిచి చూడండి. విసుక్కుంటూ అయినా పలికితే చాలు. ఎంత కుదిపినా పలకకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యమధ్య ఆగుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి పట్టి, వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. క్లినిక్‌కు ఫోన్ ఆ తర్వాత.